థైమస్ పెప్టైడ్లు: ఒక్క పేరు కింద ఎన్ని మందులు?

బరువు తగ్గించే ఇంజెక్షన్ల పుణ్యమా అని "పెప్టైడ్" అనే మాట మెడికల్ షాపు కౌంటరు దాకా వచ్చేసింది. దాని వెనకే "థైమస్ పెప్టైడ్" కూడా వచ్చింది. నల్లగొండలో జిమ్‌కు పోయే పిల్లగాడు కండరం పట్టేసిందని దీన్ని అడుగుతాడు. ఐసీయూ బయట కూర్చున్న బంధువుల చేతిలోని మందుల చిట్టీలో ఇంకో రూపంలో కనిపిస్తుంది. కరోనా నాటి భయం ఇంకా పోని పెద్దాయన "ఇమ్యూనిటీకి మంచిదట గదా బిడ్డా" అంటూ గోలీల డబ్బాగా తెప్పించుకుంటాడు. ముగ్గురి చేతిలో ఉన్నదీ ఒకటే మందు అనుకుంటే పొరపాటు అక్కడే మొదలవుతుంది. "థైమస్ పెప్టైడ్ పనిచేస్తుందా?" అన్న ప్రశ్నకు ఉన్నపళంగా జవాబు లేదు. ఏ పెప్టైడ్, ఎవరికి, ఏ జబ్బులో అని విడదీసుకుంటేనే జవాబు దొరుకుతుంది.

## రొమ్ము ఎముక వెనక ఉన్న మిల్లు

థైమస్ అనేది రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉండే మెత్తని గ్రంథి. దానికి చెప్పుకోదగ్గ పనేమీ లేదని వైద్యులు చాలా కాలం అనుకున్నారు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన చిట్టెలుకల్లో దాన్ని తీసేసి చూశాడు. అవి ఇన్‌ఫెక్షన్లకు తట్టుకోలేకపోయాయి. వేరే రకం ఎలుక చర్మం తెచ్చి అతికిస్తే, అది పరాయిదని వాటి ఒళ్లు గుర్తుపట్టలేదు.

ఎముక మజ్జలో పుట్టిన లేత కణాలు థైమస్‌లోకి వచ్చి, క్రిములను గుర్తుపట్టి ఎదిరించే టీ కణాలుగా తయారవుతాయి. ఆ "టీ" థైమస్ నుంచి వచ్చిందే. అక్కడ వాటికి రెండు వడపోతలుంటాయి. మొదటిది గ్రంథి అంచు భాగంలో: మన కణాల మీదుండే గుర్తింపు అణువులను ఇది పట్టుకోగలదా, లేదా? పట్టుకోలేని కణం చచ్చిపోతుంది. రెండోది లోపలి భాగంలో: మన ఒంటి సరుకునే మరీ గట్టిగా పట్టుకుంటోందా? అదీ చావాల్సిందే, బయటికి వదిలితే మన మీదే పడుతుంది కాబట్టి. మిర్యాలగూడలో సర్కారు వడ్లు ఒక క్వింటాలు తీసుకున్న మిల్లరు 67 కిలోల పచ్చి బియ్యం అప్పజెప్పాలి. థైమస్ మిల్లులో మాత్రం వందకు రెండు నుంచి ఐదు కణాలే బయటపడతాయి. రోగనిరోధక శక్తి అంటే సైన్యాన్ని పెంచుకోవడమే అనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి. ఈ గ్రంథి చేసే పనిలో ఎక్కువ భాగం ఆపడమే.

యుక్తవయసు తర్వాత థైమస్ ఏటేటా కుంచించుకుపోయి, దాని చోట కొవ్వు చేరుతుంది. అయినా యాభై ఏళ్ల మనిషి ప్రతి జలుబుకూ మంచాన పడడు. వరద ఆగినా పానగల్లు ఉదయసముద్రంలో నీళ్లున్నట్టు, చిన్నప్పుడు తయారైన టీ కణాలు దశాబ్దాలు నిలుస్తాయి, తామే చీలి సంఖ్యను కాపాడుకుంటాయి. తగ్గేది వాటిలోని వైవిధ్యం, అంటే మునుపెన్నడూ చూడని క్రిమిని గుర్తుపట్టగల రకాలు. అట్లని పెద్దవాళ్ల థైమస్ ఉత్త కొవ్వు ముద్ద అని కొట్టిపారేయడానికీ లేదు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనం ప్రకారం, ఆపరేషన్‌లో థైమస్ తీసేసిన పెద్దల్లో ఐదేళ్లలో 8.1 శాతం మంది చనిపోయారు. థైమస్‌ను కదిలించకుండా గుండె, ఛాతీ ఆపరేషన్ జరిగినవాళ్లలో అది 2.8 శాతమే.

గ్రంథి ముఖ్యమైనదే. వయసుతో తగ్గిపోతున్నదీ నిజమే. మరి దాని సారాన్ని బయటినుంచి ఇస్తే లోటు తీరుతుందా? థైమస్ పెప్టైడ్ల కథంతా ఈ ఆశ చుట్టే తిరుగుతుంది.

## తిల్లి లెక్క వేరు, పెప్టైడ్ లెక్క వేరు

అమైనో ఆమ్లాలు పూసల్లా వరుసగా గుచ్చుకుంటే పెప్టైడ్. దండ చాలా పొడవైతే దాన్నే ప్రొటీన్ అంటాం. 51 పూసలున్న ఇన్సులిన్ ఈ రెంటి సరిహద్దులో ఉంటుంది. ఏ పూస తర్వాత ఏ పూస వస్తుందన్న క్రమంలోనే పెప్టైడ్ పని ఉంటుంది. క్రమం చెదిరితే పని పోతుంది.

మేక తిల్లి తింటే రక్తం పడుతుందని మన దగ్గర పెద్దలంటారు. అందులో నిజముంది, ఎందుకంటే తిల్లిలోని ఇనుము కడుపులో ఎంత అరిగినా ఇనుమే. పెప్టైడ్ అట్లా కాదు. కడుపులోని ఆమ్లం, పేగులోని ఎంజైములు దండను తెంపి పూసలను విడదీస్తాయి. ఆ తర్వాత అది థైమస్ నుంచి వచ్చిందో, కంది పప్పు నుంచి వచ్చిందో ఒంటికి తెలియదు. షుగర్ రోగికి ఇన్సులిన్ సూదితో ఇవ్వడం ఇందుకే. కాబట్టి ఎండబెట్టిన దూడ థైమస్ పొడిని గోలీగా అమ్మితే, లోపలికి పోయేది చాలావరకు ఖరీదైన మాంసకృత్తు. రెండు మూడు పూసల ముక్కలు కొన్ని పేగు గోడను దాటగలవన్న మాట నిజమే. దాన్ని ఆధారం చేసుకునే థైమోమోడ్యులిన్ అనే నోటి మందును పిల్లల్లో మళ్లీ మళ్లీ వచ్చే దగ్గు, జలుబులకు కొన్ని దేశాల్లో ఇస్తారు. వాటి మీద జరిగిన పరీక్షలు చిన్నవి, పాతవి. పైగా అలాంటి పిల్లలకు వయసు పెరిగేకొద్దీ జలుబులు వాటంతటవే తగ్గుతాయి. పోల్చడానికి మందు లేని జట్టు లేకపోతే ఆ తగ్గుదల ఘనత మందు ఖాతాలో పడుతుంది.

## ఒకే ఇంటిపేరు, సంబంధం లేని మనుషులు

1966లో అమెరికాలో అలన్ గోల్డ్‌స్టీన్, అబ్రహాం వైట్ దూడ థైమస్ నుంచి తీసిన సారానికి "థైమోసిన్" అని పేరు పెట్టారు. దాన్ని శుద్ధి చేస్తూ పోగా వచ్చిన "ఐదో భాగం" కూడా ఒక్క పదార్థం కాదు, అనేక పెప్టైడ్ల కలగంప. గందరగోళానికి పునాది ఇక్కడే పడింది. గంపలోంచి ఒక్కొక్కటీ బయటికి తీసినప్పుడు, పనితో సంబంధం లేకుండా అన్నింటికీ థైమోసిన్ అనే ఇంటిపేరు అంటుకుంది.

థైమోసిన్ ఆల్ఫా 1కు 28 పూసలు. దాని క్రమాన్ని 1977లో ప్రకటించారు. దీన్నే ప్రయోగశాలలో తయారుచేస్తే థైమాల్ఫాసిన్ అంటారు. రోగనిరోధక వ్యవస్థ మీద పనిచేసే మందుగా ఎక్కువ పరీక్షలు ఎదుర్కొన్నది ఇదే.

థైమోసిన్ బీటా 4కు 43 పూసలు. పేరులో థైమస్ ఉన్నా ఇది థైమస్ హార్మోన్ కాదు, ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది. కణం అస్థిపంజరంలాంటి ఆక్టిన్‌ను పట్టుకుని ఉంచడం దీని పని. కణాల కదలికతో, గాయం మానడంతో సంబంధం ఉంది. జిమ్ పిల్లగాడు అడిగే టీబీ-500 ఈ బీటా 4 పేరు మీద నడిచే సరుకు. ఆ పేరులోని "టీబీ"కి క్షయతో ఏ సంబంధమూ లేదు. క్షయ మందులు వాడే ఇళ్లు ఇంకా ఉన్న మన పల్లెల్లో ఈ మాట విడిగా చెప్పుకోవాలి. బీటా 4, టీబీ-500 రెండూ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధ జాబితాలో ఉన్నాయి. పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేసేవాడికి పెద్దగా పట్టకపోవచ్చు గానీ, జాతీయ స్థాయి పోటీలకు పోయేవాడికి పట్టాల్సిన సంగతి.

థైమ్యులిన్‌కు తొమ్మిదే పూసలు. ఫ్రాన్స్‌లో జాన్ ఫ్రాంస్వా బాక్ బృందం 1970లలో దీన్ని రక్తంలో కనుగొంది. జింకు పరమాణువు పక్కన చేరితే తప్ప ఇది పనిచేయదు. ఈ జింకు సంగతికి చివర్లో మళ్లీ వద్దాం. థైమోపోయెటిన్ అనే 49 పూసల పెప్టైడ్‌లోంచి ఐదు పూసల ముక్క తీసి థైమోపెంటిన్ చేశారు. అది రక్తంలో అర నిమిషంలోనే సగానికి తరిగిపోతుంది. సోవియట్ కాలంలో రష్యాలో మొదలైన థైమాలిన్ మళ్లీ దూడ థైమస్ సారమే, అంటే కలగంపే.

కలగంప అంటే ఏమిటో చిన్న ఉదాహరణ. ఆల్ఫా 1 సీసాలో 1.6 మిల్లీగ్రాముల ఒకే అణువు ఉంటుంది, ఈ బ్యాచిలోనూ, వచ్చే బ్యాచిలోనూ. పశువు సారంలో ఏ పెప్టైడ్ ఎంతుందన్నది దూడ వయసును బట్టి, శుద్ధి చేసిన తీరును బట్టి మారుతుంది. అలాంటప్పుడు ఒక దేశంలో చేసిన పరీక్ష ఫలితాన్ని ఇంకో కంపెనీ సీసాకు అన్వయించడం కష్టం. దానికి తోడు, పిచ్చి ఆవు జబ్బు భయంతో 1989లో బ్రిటన్ ఆవు మెదడు, వెన్నుపాముతో పాటు థైమస్‌ను కూడా ఆహారంలోకి రానివ్వకుండా నిషేధించింది.

## ఆల్ఫా 1 నిజంగా ఏం చేసింది

చర్మం కింద సూదితో ఇచ్చిన ఆల్ఫా 1 రెండు గంటల్లో రక్తంలో గరిష్ఠానికి చేరి, అంతే వేగంగా తగ్గిపోతుంది. అయినా దాని ప్రభావం ఎక్కువసేపు ఉంటుందని చెబుతారు. కారణం, ఇది నేరుగా క్రిమిని చంపదు. శత్రువు ముక్కను టీ కణానికి చూపించే డెండ్రిటిక్ కణాలను తట్టి లేపుతుంది. ఆ కబురు ముందుకు పోయాక సీసాలోని మందు ఉన్నా లేకపోయినా పని నడుస్తుంది. వాదం బాగుంది. రోగిలో అది ఫలితంగా మారిందా అన్నదే ప్రశ్న.

ఇటలీ, చైనాతో సహా ముప్పైకి పైగా దేశాలు దీన్ని అనుమతించాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందుగా ఆమోదించలేదు. ఇంత తేడా ఎందుకన్నది కాలేయానికి సోకే వైరస్ జబ్బు హెపటైటిస్ బి మీద జరిగిన పరీక్షల్లోనే కనిపిస్తుంది. 1998లో తైవాన్ అధ్యయనంలో ఆరు నెలలు సూదులు తీసుకున్నవాళ్లలో 40.6 శాతం మందిలో ఏడాదిన్నర నాటికి వైరస్ అణిగింది. ఏ మందూ లేనివాళ్లలో అది 9.4 శాతం. మరుసటి ఏడాది వచ్చిన అమెరికా పరీక్షలో రోగికీ, డాక్టరుకూ ఎవరిది అసలు మందో, ఎవరిది ఉత్తుత్తి సూదో తెలియనివ్వలేదు. అక్కడ 49 మందిలో ఏడుగురు, ఉత్తుత్తి సూది వేసిన 48 మందిలో ఇద్దరు బాగుపడ్డారు. ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చని లెక్క తేలింది. తైవాన్‌లోనే ఇంకో వింత: ఏడాది పాటు తీసుకున్నవాళ్ల ఫలితం 26.5 శాతం, ఆరు నెలల జట్టుకంటే తక్కువ. మందు మోతాదును బట్టి ఫలితం పెరగాలన్న మామూలు అంచనాకు ఇది ఎదురు తిరిగింది.

హెపటైటిస్ బిలో మామూలు మోతాదు వారానికి రెండు సూదులు. ఆరు నెలలంటే 26 వారాలు, 52 సీసాలు, మొత్తం 83.2 మిల్లీగ్రాములు. ఈలోగా టెనోఫొవిర్, ఎంటెకావిర్ గోలీలు వచ్చి ఈ జబ్బు వైద్యం తీరే మారిపోయింది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్ మందులు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తున్నారు. హెపటైటిస్ బి మేరకు ఆల్ఫా 1 చర్చ దాదాపు ముగిసినట్టే.

## సెప్సిస్: 361 మంది చెప్పింది, 1,106 మంది చెప్పింది

ఐసీయూ చిట్టీలో ఆల్ఫా 1 కనిపించేది ఎక్కువగా సెప్సిస్‌లో, అంటే ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితిలో. డాక్టర్ల ఆలోచన రక్త పరీక్ష చూస్తే అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి తెల్లకణాలు 6,000, అందులో లింఫోసైట్లు 30 శాతం అనుకుందాం. లింఫోసైట్లు 1,800. సెప్సిస్ రోగికి తెల్లకణాలు 18,000, లింఫోసైట్లు 5 శాతం. అంటే 900. మొత్తం మూడింతలైంది, టీ కణాలుండే జట్టు మాత్రం సగానికి పడిపోయింది. ఇట్లా చతికిలబడిన వ్యవస్థను లేపితే రెండో ఇన్‌ఫెక్షన్ రాకుండా ఉంటుందన్నది ఆశ.

2013లో చైనాలో ఆరు ఆస్పత్రుల్లో 361 మందితో చేసిన పరీక్షలో, 28 రోజుల్లో మందు తీసుకున్నవాళ్లలో 26 శాతం, తీసుకోనివాళ్లలో 35 శాతం మంది చనిపోయారు. నూటికి తొమ్మిది ప్రాణాలు. ఇంత తేడా నిజమైతే ప్రతి ఐసీయూలోనూ ఉండాల్సిన మందే. కానీ ఆ పరీక్షలో ముసుగు ఒకవైపే ఉంది, అంటే వైద్యం చేసేవాళ్లకు ఎవరికి మందు ఇస్తున్నారో తెలుసు. 2025 జనవరిలో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 22 కేంద్రాలు, 1,106 మంది, రెండు వైపులా ముసుగు, పన్నెండు గంటలకొక 1.6 మిల్లీగ్రాముల సూది చొప్పున ఏడు రోజులు. అంటే 14 సూదులు, వారంలో 22.4 మిల్లీగ్రాములు. హెపటైటిస్‌లో వారానికి ఇచ్చేదానికి ఏడింతలు. మందు జట్టులో 23.4 శాతం, ఉత్తుత్తి సూది జట్టులో 24.1 శాతం మంది చనిపోయారు. నూటికి ఒక్క ప్రాణం తేడా కూడా లేదు.

మందును సమర్థించేవాళ్ల వాదన తీసిపారేయదగింది కాదు. సెప్సిస్ ఒకటే జబ్బు కాదు. కొందరిలో వ్యవస్థ చతికిలబడితే, కొందరిలో ఇంకా మండుతూనే ఉంటుంది. అందరికీ ఒకే సూది ఇస్తే లాభం, నష్టం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అదే పరీక్షలో అరవై దాటినవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో మందు వైపు మొగ్గు కనిపించింది. అయితే అరవై లోపువాళ్లలో మొగ్గు ఎదురు దిక్కుకుంది. ముక్కలు చేసి చూసే లెక్కల్లో ఇలాంటి మొగ్గులు యాదృచ్ఛికంగానూ వస్తాయి. షుగర్ ఉన్న పెద్దవాళ్లతోనే విడిగా పరీక్ష చేస్తే తప్ప తేలదు. కరోనా తొలి నెలల్లో వుహాన్ నుంచి వచ్చిన 76 మంది లెక్క (మందు తీసుకున్నవాళ్లలో 11 శాతం, తీసుకోనివాళ్లలో 30 శాతం మరణాలు) చాలామందికి గుర్తుంది. అది పాత కేసు షీట్లు తిరగేసి చేసింది. మందు ఎవరికివ్వాలో డాక్టర్లే ఎంచుకున్నారు కాబట్టి రెండు జట్లూ సమానమని అనుకోలేం.

క్యాన్సర్ సంగతీ ఇంతే. వైద్య పరీక్షలన్నింటినీ ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్ష 26 పరీక్షలు, 2,736 మంది రోగులను కలిపి చూసింది. పశువు సారాల వల్ల ఆయుష్షు పెరిగిన దాఖలా లేదు. ఇన్‌ఫెక్షన్లు కొంత తగ్గవచ్చన్న సూచన మాత్రం ఉంది.

## పెంచడం అందరికీ మంచిది కాకపోతే

"ఇమ్యూనిటీ పెంచుతుంది" అనే మాట వినడానికి హాయిగా ఉంటుంది. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవాడి మందుల పెట్టె చూడండి: ముఖ్యమైన గోలీలు ఇమ్యూనిటీని అణచడానికే. వాడికి ఆల్ఫా 1 పడితే కొత్త కిడ్నీకే ప్రమాదం. మార్పిడి రోగులకు వాడకూడదని మందు పత్రంలోనే ఉంటుంది. కీళ్లవాతం, లూపస్‌లాంటి జబ్బుల్లో వ్యవస్థ సొంత ఒంటి మీదే పడుతుంది. కండరాలు బలహీనపడే మయస్థీనియా గ్రావిస్‌లోనైతే ఆ తప్పుడు దాడికి థైమసే ఆజ్యం పోస్తుంది, చాలామందికి ఆపరేషన్ చేసి ఆ గ్రంథిని తీసేస్తారు. హెపటైటిస్ బి రోగిలో సూది మొదలుపెట్టాక కాలేయ ఎంజైములు ఒక్కసారిగా పెరగవచ్చు. వైరస్ ఉన్న కణాల మీద దాడి మొదలైందనడానికి అది గుర్తు కావచ్చు. అప్పటికే కాలేయం చెడిపోయినవాడికి అదే ప్రాణాంతకం.

వీటిని పక్కన పెడితే ఆల్ఫా 1 సాధారణంగా పెద్దగా ఇబ్బంది పెట్టని మందు. సూది గుచ్చిన చోట ఎరుపు, మంట, అంతే. ఆన్‌లైన్‌లో "పరిశోధనకు మాత్రమే" అని ముద్రించి అమ్మే సీసాలకు ఈ హామీ వర్తించదు. ఆ రెండు మాటలు అమ్మేవాడి రక్షణ కోసమే ఉంటాయి. మనిషికి ఎక్కించే మందుకు ఉండాల్సిన స్టెరిలిటీ, బ్యాక్టీరియా విషం పరీక్షలు జరిగాయని ఎవరూ పూచీ పడలేదని వాటి అర్థం. అసలైన మందు కూడా పొడి రూపంలో, 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. ఒక మిల్లీలీటరు స్టెరైల్ నీళ్లు కలిపిన వెంటనే వాడాలి. మే నెలలో దేవరకొండ దాకా మామూలు కొరియర్ సంచిలో వచ్చిన సీసా ఏ వేడి తిని వచ్చిందో సీసాను చూసి చెప్పలేం. పెప్టైడ్ చెడిపోయినా రంగు మారదు, వాసన రాదు.

## ఆశా కార్యకర్త సంచిలో ఉన్న జింకు

థైమ్యులిన్‌కు జింకు కావాలన్నాం కదా. పోషణ లేని పిల్లల్లో ఒళ్లు చిక్కడంకంటే వేగంగా థైమస్ చిక్కిపోతుంది. బొలీవియాలో పోషకాహార లోపంతో చేరిన పిల్లల థైమస్‌ను అల్ట్రాసౌండ్‌తో కొలుస్తూ వచ్చారు. తిండి సరిగా పెడితే నెలలో బరువు కోలుకుంది, థైమస్‌కు మాత్రం రెండు నెలలు పట్టింది. బరువు చూసి ఇంటికి పంపిన పిల్లవాడు మళ్లీ విరేచనాలతో తిరిగి రావడానికి ఇదొక కారణం. తిండికి జింకు జతచేసినప్పుడు థైమస్ కూడా నెలలోనే తేరుకుంది.

జింకు లోటు లేని మనిషి ఇంకా మింగితే థైమస్ అదనంగా పెరగదు. రోజూ పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే రాగి లోపించి, తెల్లకణాలే తగ్గుతాయి. లోటు ఉన్నచోట మాత్రం లెక్క సూటిగా ఉంటుంది. విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు ఇచ్చే జింకు గోలీ ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు 10, పద్నాలుగు రోజులు. విరేచనాలు మూడో రోజు ఆగిపోగానే చాలా ఇళ్లలో గోలీ కూడా ఆగిపోతుంది. మిగిలిన పదకొండు రోజుల గోలీలు పేగుకూ, చిక్కిన ఒంటికీ తరిగిపోయిన జింకును తిరిగి నింపడానికి.